తమంత తామే నడచు వాహనములు

2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురము చెంత తీరము దాటినది. హెచ్చరికలు ముందుగా అందినందున లక్షలాది జనులు అంతకు పూర్వమే సురక్షిత స్థలములకు చేరిరి. సకాలమున అందిన వార్త విలువను ఆర్యపల్లి పడవలవారికి ఒకరు చెప్పనక్కరలేదు. అట్టి వార్తలను యంత్రములే తీగ లేకుండ పరస్పరము పంపుకొని, తమ దారి తామే నిర్ణయించుకొనుట నేటి ఇంజనీరింగు పరిశోధనలలో నొకటి. మన పిల్లలలో కొందరు రేపు చదువదగిన శాస్త్రమిది గనుక, తల్లిదండ్రులు దీని స్వరూపము కొంత తెలిసికొనుట మంచిది.

సంగారెడ్డి జిల్లా కంది వద్దనున్న హైదరాబాదు ఐ.ఐ.టి.లో ఆచార్య పి. రాజలక్ష్మిగారు నిస్తంత్రీ వ్యవస్థలపై పరిశోధన సాగించినారు. ఆమె ఆధ్వర్యమున నడచిన 'తిహాన్' కేంద్రములో డ్రైవరు లేని బండ్లను, డ్రోనులను పరీక్షించు క్షేత్రము 2022 జూలై 4న ప్రారంభమైనది. అచట రోడ్డు కూడళ్లు కలవు. కృత్రిమముగా వాన కురిపించు ఏర్పాటును కలదు. వాన యెందుకందురా? బండి కన్నులు మసకబారు సమయమది.

ఆ కన్నులలో లైడార్ ముఖ్యమైనది. అది లేసరు కిరణమును పంపి, తగిలి తిరిగివచ్చు కాలమును కొలుచును. 30 మీటర్ల దూరమున ఎద్దు నిలిచియున్నచో కిరణము పోయి వచ్చుటకు సెకనులో 50 లక్షలవ వంతు పట్టును. కాని లారీ చాటునున్న ఎద్దు ఎంత మంచి కంటికైనను కనబడదు. ఆ సంగతి లారీయే వెనుకబండికి రేడియో ద్వారా చెప్పవలెను. అదియు తక్షణమే చెప్పవలెను. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, సెకనులో పదవ వంతు ఆలస్యమునకే 1.67 మీటర్లు ముందునకు పోవును. ఒక్కొక్కప్పుడు ఎద్దు బ్రతుకుటకు ఆ మేర చాలును.

సముద్రముమీద చిక్కు వేరు. భూమి గుండ్రనిది గనుక, 4 మీటర్ల యెత్తున ఏంటెన్నాలున్న రెండు పడవలు వి.హెచ్.ఎఫ్. రేడియోతో సుమారు 16 కిలోమీటర్ల వరకే మాటలాడుకొనగలవు. అంతకు మించినచో నడుమనున్న పడవ వార్తనందుకొని ముందునకు పంపవలెను. ఆ పడవ వెడలిపోయినచో వార్త మరియొక పడవ మీదుగా దారి వెదకుకొనును. ఇట్టి యల్లికను 'ఆడ్‌హాక్ నెట్‌వర్కు' అందురు. వలలో ఒక ముడి యూడినను తక్కిన ముళ్లు బరువు మోయుట మన బెస్తవారు నిత్యము చూచునదే.

డ్రైవరుల జీవనోపాధి యేమగునని కొందరు తల్లిదండ్రులు అడుగుదురు. అది న్యాయమైన ప్రశ్న. ఇంజనీర్లు మాత్రమే తీర్చదగినది కాదు. ఈ విద్య మన పిల్లలకందదను భయమునకు మాత్రము ఆధారము లేదు. పై 1.67 మీటర్ల లెక్కను వారిచేత తెలుగులోనే చేయించి చూడుడు. పై తరగతుల వారికి మరియొకటి: రెండు ఏంటెన్నాల యెత్తును 9 మీటర్లు చేసినచో 16 కిలోమీటర్లు సుమారు 24 అగును. ఎత్తు రెండు రెట్లకు మించి పెరిగినను దూరము ఒకటిన్నర రెట్లే యేల పెరిగినదో వర్గమూలము తెలిసిన పిల్లలు చెప్పగలరు.