ప్రేక్షకుల తీర్పు: చైనా టెలివిజన్ సీరియళ్లలో పాత్రలు, కథనం



సైన్సు పాఠాలు చెప్పేవారికి టెలివిజన్ సీరియళ్లతో పనేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ప్రయోగశాలలో ఉష్ణమాపకం చూసి రీడింగ్ రాసుకునేటప్పుడు మనం రెండు ప్రశ్నలు వేసుకుంటాం. కొలుస్తున్నది దేనిని? కొలిచే పరికరం ఎటువంటిది? సీరియల్‌లోని ఒక పాత్రను ప్రేక్షకుడు ‘ఉత్తమురాలు’ అన్నా, ‘చేతకానిది’ అన్నా అది కూడా ఒక రీడింగే. అయితే ఇక్కడ కొలిచే పరికరం మనిషి. ఆ మనిషి ఏ కాలంలో, ఎటువంటి ఇంట్లో కూర్చుని చూశాడో అది కూడా రీడింగులో కలిసిపోతుంది. చైనా సీరియళ్ల మీద అక్కడి ప్రేక్షకులు గత మూడు దశాబ్దాలకు పైగా వెలిబుచ్చిన అభిప్రాయాలను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

1990లో బీజింగ్ టెలివిజన్ కళాకేంద్రం ‘కెవాంగ్’ అనే 50 భాగాల సీరియల్‌ను నిర్మించింది. ఆ మాటకు తపన, గాఢమైన కోరిక అని అర్థం. అంతకుముందు అక్కడ పెద్ద సీరియళ్లను సినిమాలాగా ఊళ్లు తిరిగి తీసేవారు. 1982లో మొదలుపెట్టి 1988 నాటికి 25 భాగాలు పూర్తిచేసిన ‘పశ్చిమ యాత్ర’ దాదాపుగా ఒకే కెమెరాతో తీసినది. (మన ధాన్యకటకాన్ని 7వ శతాబ్దంలో చూసి వెళ్లిన హ్యూయాన్‌త్సాంగ్ యాత్రే ఆ కథకు మూలం.) ‘కెవాంగ్’ను మాత్రం గదుల సెట్లు వేసి, ఒకేసారి పలు కెమెరాలు పెట్టి, తక్కువ ఖర్చుతో తీశారు. ఈ సాంకేతిక విషయాన్ని చిన్నదిగా చూడకండి. కొండలు, నదులు, యుద్ధాలు చూపించే వీలు లేనప్పుడు రచయితకు మిగిలేది మనుషుల స్వభావమే. కథంతా మాటల మీద, ముఖాల మీద నడవాలి.

కథ ఇది. సాంస్కృతిక విప్లవం రోజులు. లియు హుయీఫాంగ్ ఒక ఫ్యాక్టరీ కార్మికురాలు. ఆమెను మనసారా ఇష్టపడే సోంగ్ దాచెంగ్ కూడా అదే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆమె మాత్రం చదువుకున్న వాంగ్ హుషెంగ్‌ను పెళ్లాడుతుంది. రాజకీయ కారణాల వల్ల అతని కుటుంబం కష్టాల్లో ఉంది. ఎవరో వదిలేసిన ఒక పసిపాపను హుయీఫాంగ్ చేరదీసి సొంత బిడ్డలా పెంచుతుంది. భర్తకు అది నచ్చదు, ఆడపడుచుకు అసలే గిట్టదు. కాలం మారి అత్తవారింటికి మంచి రోజులు వచ్చాక భర్త ఆమెకు దూరమవుతాడు, విడాకులవుతాయి. తీరా చూస్తే ఆ పాప ఆడపడుచు పోగొట్టుకున్న కూతురే! కథ ముగిసేసరికి ప్రమాదానికి గురై మంచం పట్టిన హుయీఫాంగ్ పెంచిన బిడ్డను కన్నతల్లికి అప్పగిస్తుంది.

దేశమంతా ఈ సీరియల్ చూసింది. పెళ్లాడితే హుయీఫాంగ్ లాంటి అమ్మాయినే పెళ్లాడాలన్న మాట మగవాళ్ల నోట నానింది. హుషెంగ్ వేషం వేసిన నటుణ్ణి జనం తిట్టిపోశారు. ఇక్కడితో ఆగితే ఇది మామూలు కథే. కానీ ఆ రోజుల్లో చైనాలో ప్రేక్షకులతో మాట్లాడి 1994లో దీనిపై ఒక వ్యాసం ప్రచురించిన అమెరికా మానవశాస్త్రవేత్త లీసా రోఫెల్‌కు ఏకాభిప్రాయం కనిపించలేదు. చదువుకున్నవాడిని స్వార్థపరుడిగా, పిరికివాడిగా చూపి, మంచితనమంతా కార్మికులకే కట్టబెట్టారని మేధావివర్గంలో అసంతృప్తి ఉండేది. హుయీఫాంగ్ మితిమీరిన మంచితనాన్ని ఒప్పుకోని స్త్రీలు కూడా ఉన్నారు. ఇంత సహనం ఎవరి లాభానికి అన్నది వాళ్ల ప్రశ్న. 1989 నాటి తియానన్‌మెన్ సంఘటనలు జరిగి అప్పటికి రెండేళ్లయినా కాలేదు. అటువంటి సమయంలో, 1991 జనవరిలో, పార్టీ అగ్రనేతల్లో ఒకరైన లీ రుయీహువాన్ నిర్మాణ బృందాన్ని పిలిచి అభినందించారు. ఓర్పు, త్యాగం, సర్దుకుపోవడం నేర్పే కథానాయిక పాలకులకు నచ్చడంలో వింత లేదనే నేననుకుంటాను.

మన దేశంలో ఇటువంటిదే ఒకటి జరిగింది. 1984 జులై నుంచి 1985 డిసెంబరు దాకా దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ వచ్చింది. అందులో తల్లి భగవంతి అన్నీ ఓర్చుకునే ఇల్లాలు. స్త్రీ ఇలా అణగి ఉండకూడదని చెప్పడానికే ఆ పాత్రను కల్పించారు. కానీ అరవింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ అనే పరిశోధకులు ప్రేక్షకులను ప్రశ్నించినప్పుడు, చాలామంది భగవంతినే ఆదర్శంగా తీసుకున్నారని తేలింది! రచయిత ఉద్దేశం ఒకటి, ప్రేక్షకుడికి అందింది మరొకటి. బీకరులో పోసిన ద్రావణం రంగు ఏ వెలుగులో చూస్తున్నామనే దాన్ని బట్టి కూడా ఉంటుందని మీకు తెలిసిందే కదా!

ఇప్పుడు కథనం సంగతికి వద్దాం. ‘కెవాంగ్’ రూపకల్పనలో పాలుపంచుకున్న జెంగ్ షియావోలోంగ్ 2011లో దర్శకుడిగా ‘జెన్‌హువాన్ కథ’ అనే 76 భాగాల సీరియల్ తీశారు. 18వ శతాబ్దపు యోంగ్‌జెంగ్ చక్రవర్తి అంతఃపురం దీనికి రంగస్థలం. అమాయకంగా అడుగుపెట్టిన జెన్‌హువాన్ మోసాలు, గర్భస్రావాలు, విషప్రయోగాల నడుమ రాటుదేలి, చివరికి రాజమాత స్థానానికి చేరుతుంది. ఆమె హుయీఫాంగ్‌లా ఓర్చుకోదు, పగ తీర్చుకుంటుంది. 2013లో పీపుల్స్ డైలీ పత్రికలో వచ్చిన ఒక విమర్శ, కుట్రను మించిన కుట్రతోనే గెలవాలని ఈ కథ నేర్పుతోందని ఆక్షేపించింది. ఆ విమర్శలో కొంత నిజం ఉంది. అయినా జనం దాన్ని ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూస్తూనే ఉన్నారు. ఎందుకు?

రెండోసారి చూసినప్పుడు పాత్రలు మారిపోతాయి. అందుకు మంచి ఉదాహరణ హువా రాణి. మొదట్లో ఆమె పచ్చి క్రూరురాలు, చూసేవారికి ఒళ్లు మండుతుంది. ఆమె మందిరంలో నిత్యం వెలిగే సుగంధ ధూపం చక్రవర్తి ప్రేమతో ఇచ్చినది. అందులో ఆమెకు సంతానం కలగకుండా చేసే పదార్థం కలిపారని ఆమెకు చాలా ఆలస్యంగా తెలుస్తుంది. సేనాధిపతి అయిన ఆమె అన్న బలం చూసి చక్రవర్తికి భయం. ఈ ఒక్క సమాచారంతో ప్రేక్షకుడి తీర్పు తలకిందులవుతుంది. రాణి మీద జాలి, చక్రవర్తి మీద అసహ్యం. ఆ చక్రవర్తికి చైనా ప్రేక్షకులు ‘లావు నారింజ పిల్లి’ అని ముద్దుపేరు కూడా పెట్టారు! ఇక్కడ కథకుడు చేసిందల్లా ఒక వాస్తవాన్ని దాచి, అదను చూసి బయటపెట్టడమే. 20వ భాగం దగ్గర అడిగితే ఒక అభిప్రాయం, చివర అడిగితే మరొకటి. అందువల్ల ఒక పాత్రపై ఎవరైనా తీర్పు చెబితే, ఎన్ని భాగాలు చూసి చెప్పారని అడగడం తప్పు కాదు.

ఇదే సీరియల్‌ను 2015లో అమెరికా ప్రేక్షకుల కోసం ఒక్కొక్కటి సుమారు గంటన్నర ఉండే 6 భాగాలుగా కుదించి నెట్‌ఫ్లిక్స్‌లో ఉంచారు. దాన్ని చూసినవారూ, 76 భాగాలు చూసినవారూ ఒకే కథ గురించి మాట్లాడుతున్నారని చెప్పలేం. పైగా సంబోధనల చిక్కొకటి. రాణులు చక్రవర్తి ముందు తమను తాము ‘మీ దాసురాలిని’ అనే అర్థం వచ్చే మాటతో చెప్పుకుంటారు. ఇంగ్లిషు సబ్‌టైటిల్‌లో అది ఉత్త ‘నేను’ అయిపోతుంది. ఏకాంతంలో మాత్రం జెన్‌హువాన్ ఆయన్ను ‘సీలాంగ్’ అని, అంటే నాలుగో కుమారుడని చనువుగా పిలుస్తుంది. తాను ముందే చనిపోయిన పట్టమహిషికి ప్రతిరూపం మాత్రమేనని తెలిసిన రోజున ఆమె మనసు విరిగిపోతుంది. మరణశయ్య మీద ఆయన ఒక్కసారి అలా పిలవమని అడిగితే ఆమె పిలవదు. నువ్వు, మీరు, తమరు, ఏలినవారు అనే మెట్లున్న తెలుగువారికి ఈ దెబ్బ ఎక్కడ తగిలిందో వెంటనే తెలుస్తుంది.

కథనం గురించి చైనా ప్రేక్షకులు తరచుగా చేసే ఫిర్యాదు ‘నీళ్లు ఎక్కించారు’ అన్నది. బరువు పెరగడానికి మాంసంలోకి నీళ్లు ఎక్కించి అమ్మే మోసం నుంచి ఆ మాట వచ్చింది. మనం పాలలో నీళ్లు అన్నట్లే. దీనికి కారణం సాహిత్యపరమైనది కాదు, బేరానికి సంబంధించినది. చానళ్లు, వీడియో సైట్లు సీరియల్‌ను భాగానికి ఇంత చొప్పున కొనేవి. భాగాలు పెరిగితే డబ్బు పెరుగుతుంది. కథానాయిక కిటికీలోంచి చూస్తూ పాత సంగతులు తలచుకునే దృశ్యాలు అలా పుట్టుకొస్తాయి. ప్రేక్షకులు దీనికి విరుగుడుగా ఒకటిన్నర రెట్ల వేగంతో చూడటం మొదలుపెట్టారు. 2020 ఫిబ్రవరిలో అక్కడి ప్రసార నియంత్రణ శాఖ సీరియల్ 40 భాగాలు మించరాదనీ, 30 లోపు ఉంటే మేలనీ సూచించింది. అదే ఏడాది 12 భాగాల్లో ముగిసిన ‘చీకటి మూల’ అనే నేరకథకు గొప్ప ఆదరణ లభించింది.

అభిప్రాయాలను అంకెల్లో చెప్పే ఏర్పాటు కూడా ఉంది. 2005లో మొదలైన డోబాన్ అనే సైట్‌లో ప్రేక్షకులు 1 నుంచి 5 నక్షత్రాలు ఇస్తారు. దాన్ని రెట్టింపు చేసి 10కి లెక్కిస్తారు. అంటే ఎంత చెత్త సీరియల్‌కైనా 2 కంటే తక్కువ రాదు! ఈ కొలబద్దకు సున్నా లేదన్నమాట. అంతకంటే ముఖ్యమైన లోపం మరొకటి. ఒక ఊహాజనితమైన లెక్క చేద్దాం. 100 మంది ఒక పొడవైన సీరియల్ మొదలుపెట్టారు. 40 మందికి బాగా నచ్చింది, వారు 10 ఇస్తారు. 60 మందికి నచ్చలేదు, వారు 4 ఇస్తారు. అందరూ ఓటు వేస్తే సగటు 6.4. కానీ నచ్చనివారిలో 45 మంది మధ్యలోనే మానేసి, మార్కులు వేయకుండా వెళ్లిపోయారనుకోండి. మిగిలిన 55 మంది సగటు దాదాపు 8.4! సీరియల్ ఏమీ మారలేదు. విసుగెత్తినవారు లెక్కలోంచి తప్పుకున్నారంతే.

ప్రయోగంలో ఒకరి రీడింగ్ చూసి మరొకరు రాయకూడదంటాం. చైనా వీడియో సైట్లలో దీనికి పూర్తిగా విరుద్ధమైన పద్ధతి ఉంది. 2006లో జపాన్‌లో నికోనికో అనే సైట్‌లో మొదలై, తరువాత బిలిబిలి వంటి చైనా సైట్లకు పాకిన ఈ పద్ధతిలో ప్రేక్షకుల వ్యాఖ్యలు బొమ్మ మీదనే బారులుగా పరుగెడతాయి. దానికి ‘తూటాల తెర’ అని పేరు. పాత్ర నోరు విప్పకముందే ‘వీడే ద్రోహి’ అని వంద వ్యాఖ్యలు దూసుకుపోతే, కొత్తగా చూసేవాడి అభిప్రాయం ఇక స్వతంత్రమైనదెలా అవుతుంది? డబ్బు తీసుకుని పొగిడేవారు, తెగిడేవారు వేరే ఉన్నారు. వారిని చైనీయులు ‘నీటి సైన్యం’ అంటారు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్న తరువాత కూడా, మిగిలే అభిప్రాయాల్లో సత్తువ ఉంటుంది. 2019 మార్చిలో వచ్చిన 46 భాగాల ‘అంతా బాగానే ఉంది’ దీనికి సాక్ష్యం. సుజౌ నగరంలో సు కుటుంబం. పెద్దకొడుకును అమెరికాలో చదివించడానికి తల్లి ఇంట్లో గదులు అమ్ముతుంది. రెండో కొడుకు పెళ్లయ్యాక కూడా తల్లిదండ్రుల సొమ్ము మీదే బతుకుతాడు. చదువులో అందరికంటే చురుకైన కూతురు మింగ్యూకు మాత్రం ఖర్చులేని ఉపాధ్యాయ శిక్షణ కళాశాల చాలంటుంది. మింగ్యూ ఇల్లు వదిలి, సొంత కష్టంతో పెద్ద ఉద్యోగి అవుతుంది. తల్లి మరణంతో కథ మొదలవుతుంది. అంతవరకు భార్య చాటున నోరెత్తని తండ్రి సు దాచియాంగ్ ఒక్కసారిగా పేచీకోరు అయిపోతాడు. ఈ కొడుకు ఇల్లు కావాలంటాడు, ఆ కాఫీయే తాగుతానంటాడు. నీ దాహోంగ్ నటన ఎంత సహజంగా ఉందంటే, ఆ ముసలాయన బొమ్మలతో హాస్యచిత్రాలు చైనా అంతటా తిరిగాయి. నవ్వుతూనే ప్రేక్షకులు తమ ఇళ్ల లెక్కలు బయటపెట్టారు. కొడుకుకు ఇల్లు, కూతురికి ఉపదేశం ఇచ్చిన తల్లిదండ్రుల గురించి ఆడపిల్లలు తమ అనుభవాలు రాసుకున్నారు.

పేచీ అంతా ముగింపు దగ్గర వచ్చింది. తండ్రికి మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ వస్తుంది. మింగ్యూ ఉద్యోగం మానేసి ఆయనను దగ్గరుండి చూసుకుంటుంది. ఇదేం న్యాయమని ఎందరో ప్రేక్షకులు మండిపడ్డారు. అన్యాయం చేసినవారు క్షమాపణ చెప్పకుండానే, అన్యాయానికి గురైనదే క్షమించాలా? తండ్రికి జబ్బు తెప్పించి రచయితలు ఆయన్ను బాకీ తీర్చే పని నుంచి తప్పించారని కొందరి వాదన. నాకూ ఈ వాదనలో బలం ఉందనిపిస్తుంది. రెండో పక్షం వారిది మరో మాట. మింగ్యూ చేసింది క్షమించడం కాదు, తన చిన్నతనపు కోపం బరువు దించుకోవడం అన్నారు వాళ్లు.

1990లో హుయీఫాంగ్ త్యాగాన్ని ఇలా నిలదీసిన గొంతులు వినిపించినా, మెచ్చుకోళ్ల హోరులో కలిసిపోయాయి. 29 ఏళ్ల తరువాత అదే త్యాగం మరో కథానాయిక చేస్తే, నిలదీసే గొంతులే పైకి వచ్చాయి. ఈ మధ్యలో చైనాలో ఒక్క సంతానం నియమం కింద ఒక తరం పుట్టి పెరిగింది. పట్టణాల్లో ఎందరో ఆడపిల్లలు ఇంటికి ఏకైక సంతానంగా పూర్తి చదువు, పూర్తి వాటా పొందారు. పక్కింట్లో అన్నదమ్ములున్న అమ్మాయికి అవి అందకపోవడం వాళ్ల కళ్లకు కొట్టొచ్చినట్లు కనబడింది.

ఆ చివరి భాగంలో తండ్రి ఒకరోజు తప్పిపోతాడు. ఆయనకు కూతురు ఇంకా బడిపిల్లే. ఎప్పుడో ఆమెకు కావలసిన లెక్కల అభ్యాస పుస్తకం కొనడానికి బయలుదేరాడు. ఈ దృశ్యం చూసి కన్నీళ్లు పెట్టుకున్నామని రాసినవారిలోనే, ముగింపును మాత్రం ఒప్పుకోమని రాసినవారూ ఉన్నారు.