కాళేశ్వరం: ప్రాజెక్టుకు ముందున్న ఊరు

ఎండాకాలంలో కాళేశ్వరం రేవుకు వెళ్తే ముందు ఇసుకే కనిపిస్తుంది. పడమటి నుంచి వచ్చే గోదావరికి ఎగువన జాయక్‌వాడి ఉంది, శ్రీరామ్‌సాగర్ ఉంది, ఎల్లంపల్లి ఉంది. ఆగి ఆగి ఇక్కడికి చేరేసరికి నదిలో మిగిలేది సన్నటి పాయ. అయినా భక్తులు మునకలు వేస్తారు, పిండాలు పారే నీళ్లలోనే కలుస్తాయి. ఆ నీళ్లు ప్రాణహితవి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితై, విదర్భ అడవుల వాననంతా మోసుకుని ఉత్తరం నుంచి దిగొచ్చి ఇక్కడ గోదావరిలో కలుస్తుంది. భద్రాచలంలోనూ రాజమండ్రిలోనూ మనం చూసి మురిసిపోయే గోదారి త్ర్యంబకంలో పుట్టిందే కావచ్చు, దానికి నిండుదనం వచ్చేది మాత్రం ఇక్కడి నుంచే.

పదేళ్లుగా కాళేశ్వరం అంటే మన చెవిన పడేది బరాజ్‌లు, పంపుహౌస్‌లు, టీఎంసీలు, కమిషన్ నివేదికలు. ఆ పేరు ఒక ఊరిదన్న సంగతే చాలామంది మర్చిపోయారు. జయశంకర్ భూపాలపల్లి జిల్లా మహదేవపూర్ మండలంలో, తెలంగాణ అంచున, అడవికీ ఏటికీ నడుమ ఉందీ ఊరు. 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. శ్రీశైలం, ద్రాక్షారామంతో పాటు త్రిలింగ దేశానికి ఎల్లగా చెప్పుకునే మూడు శివక్షేత్రాల్లో ఇదొకటి. జనాభాను చూస్తే పల్లె. చరిత్రను చూస్తే చాలా పట్టణాలు దీని ముందు నిలవవు.

గుడిలోకి వెళ్తే గర్భాలయంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాలుడిది, అంటే యముడిది. రెండోది ముక్తేశ్వరుడిది. దర్శించినవాళ్లందరికీ శివుడు ముక్తి ఇచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన వెళ్లి మొరపెట్టుకుంటే, శివుడు తన పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను కొలవనివాళ్లకు నా దగ్గర ముక్తి లేదన్నాడట. అందుకే ఇప్పటికీ తొలి పూజ యముడికే. ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి. అందులో ఎన్ని బిందెల నీళ్లు పోసినా పైకి రావని, భూమి లోపలి దారిన సంగమానికి చేరతాయని నమ్మకం. చావును తప్పించుకోవడానికి కాకుండా, చావుకు దండం పెట్టి ముందుకు సాగడానికి కట్టిన గుడి ఇది. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడికే ఎందుకు వస్తారో ఆ రెండు లింగాలను చూస్తే తెలుస్తుంది.

కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి, అవతలి గడ్చిరోలి నుంచి, బస్తర్ నుంచి కూడా అస్థికల ముంతలతో వస్తారు. రేవు మెట్ల మీద తలగుండ్లు చేయించుకునే కొడుకులు, కొంగు కప్పుకుని పక్కన కూర్చున్న ఆడవాళ్లు, విస్తరాకులో నువ్వులూ పిండాలూ, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పండని అడిగే పురోహితుడు. ముత్తాత పేరు దగ్గరికి వచ్చేసరికి చాలామంది తడబడతారు, ఊళ్లో ఉన్న పెద్దనాయనకు ఫోన్ చేస్తారు. తెలంగాణలో వేలాది కుటుంబాలు తమ మూడు తరాల పేర్లను తలుచుకునేది జీవితంలో ఈ ఒక్క రేవులోనే.

సంగమంలో మూడో నదిగా సరస్వతి అంతర్వాహినిగా పారుతుందంటారు. ఆ లెక్కన గోదావరికి, ప్రాణహితకు, సరస్వతికి మూడు పుష్కరాలూ జరుపుకునే ఊరిది. 2015లో గోదావరివి, 2022 ఏప్రిల్‌లో ప్రాణహితవి, 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతివి జరిగాయి. సరస్వతి పుష్కరాలకు కొత్త ఘాటు కట్టారు, ఒడ్డున సరస్వతీదేవి విగ్రహం పెట్టారు, సాయంత్రాలు నదీహారతులు ఇచ్చారు.

ఇక ఎదుటి ఒడ్డు. ఏరు దాటితే సిరోంచ. ఇప్పుడది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా తాలూకా కేంద్రం. అంగట్లో వినిపించేది తెలుగే, పెళ్లి సంబంధాలూ ఇటువైపువే. 1860 దాకా అది కూడా నిజాం ఏలుబడిలోనే ఉండేది. ఆ ఏడాది కుదిరిన ఒప్పందంలో నిజాం ప్రభువు గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లిషువాళ్లకు వదులుకున్నాడు, నది మీద సరుకు రవాణాకు సుంకం ఉండదని కూడా రాసిచ్చాడు. ఇంగ్లిషువాళ్లు ఆ భూములతో ఎగువ గోదావరి జిల్లా ఏర్పాటు చేసి సిరోంచను దానికి కేంద్రం చేశారు. నిన్నటిదాకా ఒకటిగా ఉన్న రెండు రేవులు తెల్లారేసరికి రెండు రాజ్యాలయ్యాయి.

తెల్లదొరలు అంత పట్టుబట్టింది పత్తి కోసం. బేరార్, నాగ్‌పూర్ పత్తిని పడవలకెత్తి వార్ధా, ప్రాణహిత, గోదావరి మీదుగా కాకినాడ తీరానికి చేర్చాలన్నది కాటన్ దొర ఆలోచన. అడ్డమల్లా నదిలోని రాతి బండలు. దుమ్ముగూడెం దగ్గర ఒకటి, ఇంద్రావతి కలిసేచోట ఇచ్ఛంపల్లి దగ్గర ఒకటి, ప్రాణహిత మీద దేవల్‌మర్రి దగ్గర ఒకటి, ఇలా మూడు పెద్ద అడ్డంకులు. వాటిని దాటించడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు మొదలుపెట్టారు. కెప్టెన్ హేగ్ అనే ఇంజినీరు ఏళ్ల తరబడి ఈ అడవుల్లో పని చేయించాడు. జ్వరాలు మనుషుల్ని తిన్నాయి, వరదలు పనుల్ని తిన్నాయి. ఈలోగా 1867లో రైలు నాగ్‌పూర్‌కు వచ్చేసింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పని ఆపేశారు. ఈ నది మీద పెద్ద కలలు కనడం, ఖర్చు పెట్టడం, మధ్యలో వదిలేయడం మన కాలంలో మొదలైంది కాదు.

నిజాం రాజ్యం చివరి రోజుల్లో ఆ సరిహద్దే ఆసరా అయింది. రజాకార్ల కాలంలో కాంగ్రెస్ కార్యకర్తలు సరిహద్దు దాటి చాందా శిబిరానికి చేరేవారు. అక్కడ పనిచేసిన యువకుల్లో ఒకరు పీవీ నరసింహారావు. తర్వాత 1957 నుంచి రెండు దశాబ్దాలు ఆయన శాసనసభకు గెలుస్తూ వచ్చింది కాళేశ్వరం ఉన్న మంథని నియోజకవర్గం నుంచే. మరో కాలంలో అదే అడవి నక్సలైట్లది, పోలీసులది అయింది. మాజీ స్పీకర్ శ్రీపాదరావును 1999లో మహదేవపూర్ మండలంలోనే కాల్చి చంపారు. పొద్దుగూకితే బస్సులు తిరగని ఏళ్లను ఇక్కడి పెద్దవాళ్లు ఇంకా మర్చిపోలేదు.

ఈ నేల వయసు మనుషుల చరిత్రకు అందేది కాదు. సిరోంచ దగ్గర పోచంపల్లి పొలాల్లో 1960 ప్రాంతంలో రాక్షసబల్లి ఎముకలు బయటపడ్డాయి. కోల్‌కతా శాస్త్రవేత్తలు దానికి టాగూర్ పేరు కలిపి బారపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. ప్రాణహిత ఒడ్డునే యామన్‌పల్లి దగ్గర దొరికిన మరో బల్లి కోటాసారస్. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. మన పిల్లలు దాని కింద నిలబడి ఫొటోలు దిగుతారు. అది మన ప్రాణహిత బిడ్డ అని వాళ్లకు ఎవరైనా చెబితే బాగుండు.

మహదేవపూర్ దసలి పట్టు సంగతీ అంతే. అడవిలో నల్లమద్ది చెట్ల మీద పురుగులు కాయలు కడతాయి. గట్టి కాయను ఉడకబెట్టి దారం లాగితే వచ్చే పట్టుకు రంగద్దే పని లేదు, పుట్టుకతోనే తేనె రంగు. చేతిలోకి తీసుకుంటే కొంచెం గరుకుగా, వెచ్చగా ఉంటుంది. పోచంపల్లి, గద్వాల చీరలు తెలిసినంతగా మహదేవపూర్ మనకు తెలియకపోవడం ఆ నేత తప్పు కాదు.

2016 చివర్లో కాళేశ్వరం, సిరోంచల మధ్య గోదావరి మీద వంతెన వచ్చింది. అంతకుముందు నాటు పడవే దిక్కు, వానాకాలంలో అదీ లేదు. కాన్పు కష్టమైన ఆడమనిషిని అవతలి నుంచి వరంగల్‌కు తేవాలంటే ఏటి దయ మీద ఆధారపడాల్సిందే. ఈ ప్రాంతానికి ఈ వందేళ్లలో జరిగిన మేలు ఏదంటే నేను ముందు ఈ వంతెన పేరే చెబుతాను.

అదే ఏడాది మే నెలలో కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. సంగమానికి 20 కిలోమీటర్లు దిగువన మేడిగడ్డ దగ్గర 85 గేట్లతో బరాజ్, కన్నెపల్లిలో పంపుహౌస్ కట్టారు. 2019 జూన్ 21న ప్రారంభించారు. 2022 జులై వరదకు కన్నెపల్లి పంపుహౌస్ మునిగింది. ఎదుటి ఒడ్డున సిరోంచ రైతులు తమ చేలు మునుగుతున్నాయని, పరిహారం రాలేదని రోడ్డెక్కారు. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. జస్టిస్ పి.సి.ఘోష్ కమిషన్ 2025 జులై 31న నివేదిక ఇచ్చింది. తప్పొప్పులు తేల్చడానికి వ్యవస్థలున్నాయి, తేల్చి తీరాలి. నా బాధ ఊరి గురించి. ఆ ప్రాజెక్టు దేవుడి పేరు తీసుకుంది, ఊరి పేరు తీసుకుంది. అపకీర్తి వచ్చేసరికి ఆ పేరే నలుగురి నోళ్లలో నానింది.

2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. ప్రతిసారీ పన్నెండు రోజుల కోసం పందిళ్లు, షవర్లు, పైపులు వస్తాయి, పదమూడో రోజు లారీలకెక్కి వెళ్లిపోతాయి. ఈసారైనా మిగతా రోజుల్లో ఇక్కడే బతికే మనుషులను లెక్కలోకి తీసుకోవాలి. రోజూ వచ్చే యాత్రికుడికీ ఊరివాళ్లకీ పనికొచ్చే మరుగుదొడ్లు, రాత్రిపూట కూడా డాక్టరుండే ఆసుపత్రి, ఊరి మురుగు రేవులో కలవకుండా కాలువ, దసలి పట్టు అమ్ముకోవడానికి గుడి దారిలో నాలుగు దుకాణాలు. బరాజ్‌లకు పెట్టిన ఖర్చు ముందు ఇవి లెక్కలోకే రావు. మీరూ అస్థికలతోనో పుష్కర స్నానానికో వెళ్తారు కదా, విడిచిన బట్టలు, ప్లాస్టిక్ సంచులు ప్రాణహితలో వదలకండి. వంతెన దాటి సిరోంచ కూడా చూసి రండి. వీలుంటే ఒక రాత్రి కాళేశ్వరంలోనే ఉండండి.