ప్రణయ నవలలో ఎడబాటు

ప్రణయకథకు కలయికే ప్రాణమని తోచును గాని, దానిని నడిపించేది ఎడబాటు. అడ్డులేని ఇద్దరి కథ మొదటి పుటలోనే ముగుస్తుంది. కనుక నవల ఏ ఒరవడిలో సాగినదో తెలియవలెనంటే ఆ అడ్డు ఎటువంటిదో చూడవలెను.

ఈ సంగతిని మన ఆలంకారికులు ఏనాడో వివేచించారు. సాహిత్యదర్పణకారుడు విప్రలంభ శృంగారాన్ని నాలుగు విధాలుగా విభజించినాడు. కలయికకు ముందరి తపన పూర్వరాగం, అలుక మానం, దూరదేశగమనం ప్రవాసం, మృత్యువు కలిగించే వియోగం కరుణం.

మన జనప్రియ నవలలలో మొదటి రెండింటికే ఆదరణ హెచ్చు. 1976లో చలనచిత్రంగా వచ్చిన యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ ఇందుకు చక్కని ఉదాహరణ. రాజశేఖరం ధనికుడు, జయంతి అభిమానవతి, వారి నడుమ అపోహ. ఒక్క మాటతో తొలగిపోయే అపోహ అది. ఆ మాట ఎప్పుడు వెలువడునా అనే ఉత్కంఠతోనే పాఠకులు పుటలు త్రిప్పుతారు.

మాటతో తొలగని అడ్డు ‘ఏకవీర’లో ఉన్నది. ఇద్దరు మిత్రులు, ఒకరు ప్రేమించిన కన్యను తెలియక మరొకరు పెండ్లాడినారు. ఆ నవల వ్రాసిన విశ్వనాథ సత్యనారాయణ 1959లో కరీంనగరు ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులై వచ్చారు. 1969లో అది చలనచిత్రమైనప్పుడు మాటలు కూర్చినది సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డి.

ఇక మిగిలినది ప్రవాసం. కార్యం, శాపం, సంభ్రమం అని దీనికి మూడు హేతువులు చెప్పారు. శాపం వల్ల కలిగిన ప్రవాసానికి కాళిదాసుని మేఘసందేశం ప్రసిద్ధం. కార్యం వల్ల, అనగా పనికోసం పోవుటవల్ల కలిగే ఎడబాటు మాత్రం మన ప్రణయ నవలలో అరుదు. కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో అది ఎన్నో ఇండ్ల అనుభవం. సిరిసిల్ల నేతపనివారు భివండికి తరలిపోయినారు. 1970 దశకం మొదలుకొని జగిత్యాల, కోరుట్ల, నిర్మల్ ప్రాంతాలవారు దుబాయికి, మస్కటుకు పోసాగినారు. అప్పు తీరువరకు తిరిగి రాలేని భర్త అక్కడ. బీడీలు చుట్టి సంసారం ఈదే భార్య ఇక్కడ. ఈ కథలో అపోహ లేదు, దుష్టపాత్ర లేదు. అయినను ఏండ్ల తరువాత వాకిట నిలిచిన తండ్రిని బిడ్డ గుర్తుపట్టదు. భార్య క్రొత్త పెండ్లికూతురివలె తలుపు చాటున నిలుస్తుంది. పూర్వరాగం మరల మొదటినుండి ఆరంభం కావలసినదే.

పెండ్లితో ముగిసే నవలలు మనకు కొల్లలుగా ఉన్నవి. పెండ్లి తరువాత ఓర్పుగా మారిన ప్రేమను చెప్పే నవలలు పెరుగవలెను. అప్పుడు ఆ ఇండ్ల ఇల్లాండ్రు తాము గడిపిన నిరీక్షణకు కూడ ప్రణయమనే పేరు చెల్లునని గ్రహిస్తారు.