పండుగ రోజుల్లో సినిమా తెర ఎవరిది?

జనవరి నెల రెండవ వారంలో జంషెడ్‌పూర్ పట్టణాన్ని ఒకసారి ఊహించుకోండి. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల ఒడ్డున టుసు మేళాలు జరుగుతూ ఉంటాయి. రంగు కాగితాలతో అలంకరించిన చౌడళ్లను ఎత్తుకొని స్త్రీలు పాడుకుంటూ నదికి వెళతారు. అదే సమయంలో తెలుగువారి వాకిళ్లలో ముగ్గులు, గొబ్బెమ్మలు కనిపిస్తాయి. ఉక్కు కర్మాగారంలోను, రైల్వేలోను పని వెతుక్కుంటూ వచ్చి తరతరాలుగా ఇక్కడ స్థిరపడినవారు వీరు. ఇద్దరికీ అది మకర సంక్రాంతే. పేర్లు, పాటలు వేరు. సాయంత్రం కాగానే ఇంటిల్లిపాదీ సినిమాకు వెళ్దామనే కోరిక కూడా ఇద్దరికీ ఒకటే. కాని ఏ భాష సినిమాకు?

అది మన ఇష్టాన్ని బట్టి ఉంటుందని మీరు అనవచ్చు. కొంతవరకు నిజమే. అయితే మీరు టికెట్టు కొనకముందే ఆ నిర్ణయం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఎలాగో చూద్దాం.

తెరల లెక్క

ఒక ఊరిలో 10 తెరలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క తెరపై రోజుకు 4 ఆటలు. అంటే ఊరు మొత్తానికి 40 ఆటలు. ఒక పెద్ద చిత్రం 7 తెరలు తీసుకుంటే 28 ఆటలు దానికే పోతాయి. మిగిలిన చిత్రాలన్నీ 12 ఆటలను పంచుకోవాలి. వాటికి దొరికేవి కూడా తరచుగా ఉదయం ఆటలే. ఉదయం ఆటకు జనం రాకపోతే, ‘ఈ సినిమాను ఎవరూ చూడటం లేదు’ అని మూడవ రోజున తీసివేస్తారు. చూడటానికి వీలైన వేళలో అది ఆడనేలేదన్న సంగతి లెక్కలోకి రాదు.

పండుగకు ఈ పోటీ తీవ్రమవుతుంది. చేతిలో సెలవు, డబ్బు రెండూ ఉండేది అప్పుడే. జంషెడ్‌పూర్‌లో కర్మాగారపు బోనసు దుర్గాపూజకు ముందు అందుతుంది. ఫిలిప్పీన్స్ దేశంలో 1975 నుండి ఉన్న చట్టం ప్రకారం ఉద్యోగులకు పదమూడవ నెల జీతం డిసెంబరు 24 లోపల ఇవ్వాలి. మరునాడే క్రిస్మస్. ఆ దేశం గురించి ఇక్కడ చెప్పడానికి కారణం ఉన్నది.

మనీలా చేసిన పని

ఫిలిప్పీన్స్ సుమారు అర్ధ శతాబ్దం పాటు అమెరికా పాలనలో ఉన్నది. మంచి థియేటర్లు హాలీవుడ్ చిత్రాలకు అలవాటుపడ్డాయి. 1966లో మనీలా మేయరు ఆంటోనియో విల్లేగాస్ కొన్ని రోజులపాటు నగరంలోని పెద్ద థియేటర్లలో స్వదేశీ చిత్రాలు మాత్రమే ఆడేలా ఒక ఉత్సవం ప్రారంభించారు. 1975లో అది మెట్రో మనీలా అంతటికీ విస్తరించింది. తరువాత క్రిస్మస్ రోజులకు మారింది. డిసెంబరు 25 నుండి జనవరి మొదటి వారం వరకు సాధారణ థియేటర్లలో ఎంపికైన ఫిలిపినో చిత్రాలే ఆడతాయి. సాధారణంగా ఇవి 8. 2023, 2024 సంవత్సరాలలో 10. 2015 డిసెంబరులో విడుదలైన ‘స్టార్ వార్స్’ చిత్రం ప్రపంచమంతటా హాళ్లు నింపుతున్నది. అయినా ఫిలిప్పీన్స్‌లో క్రిస్మస్ నాటికి తెర ఖాళీ చేయవలసి వచ్చింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. హాలీవుడ్‌ను పక్కకు తప్పించిన తరువాత ఆ ఖాళీలో ఎటువంటి చిత్రాలు వచ్చాయి? చాలా ఏళ్లు అవే హాస్యనటులు, అవే దయ్యాల కథలు, వాటికి కొనసాగింపులు. ఈ విమర్శ పెరిగి 2016లో ఎంపిక పద్ధతిని మార్చారు. హాంకాంగ్‌లో ఇంటిపనులు చేసుకునే ఫిలిపినో స్త్రీల గురించి తీసిన ‘సండే బ్యూటీ క్వీన్’ అనే డాక్యుమెంటరీ ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా బహుమతి పొందింది. కాని వసూళ్లు అంతకుముందు సంవత్సరం కంటే బాగా తగ్గాయి. ఆ తరువాత పాత తరహా చిత్రాలు తిరిగి వచ్చాయి. తెర దొరకడం ఒక సమస్య. దొరికిన తెరపై ఏమి చూపాలన్నది మరొకటి. మొదటిది తీరితే రెండవది తనంతట తానే తీరదు.

తెలుగునాట

మన దగ్గర అటువంటి నిషేధం లేదు. విన్నపాలు మాత్రం ఉన్నాయి. పండుగకు డబ్బింగ్ చిత్రాల కంటే స్ట్రెయిట్ తెలుగు చిత్రాలకే థియేటర్లలో మొదటి స్థానం ఇవ్వాలని తెలుగు చలనచిత్ర నిర్మాతల మండలి 2022 నవంబరులో ఒక ప్రకటన చేసింది. 2019లో నిర్మాత దిల్ రాజు చెప్పిన మాటనే మండలి గుర్తు చేసింది. విచిత్రమేమంటే, 2023 సంక్రాంతికి రాబోతున్న ‘వారసుడు’ ఆయన నిర్మించినదే, తమిళ ‘వారిసు’కు తెలుగు రూపం! చివరకు ‘వీరసింహారెడ్డి’ జనవరి 12న, ‘వాల్తేరు వీరయ్య’ 13న, ‘వారసుడు’ 14న విడుదలయ్యాయి.

ఇంకొక ఉదాహరణ దీనికి సరిగ్గా ఎదురుగా నిలుస్తుంది. 2021 డిసెంబరు 16న ‘స్పైడర్‌మ్యాన్’ కొత్త చిత్రం భారతదేశమంతటా విడుదలైంది. మరునాడు ‘పుష్ప’ వచ్చింది. హాలీవుడ్ ముందు హిందీ డబ్బింగ్ చిత్రం నిలుస్తుందని అనుకున్నవారు తక్కువ. అది ఉత్తరాదిన వారాల తరబడి ఆడి, హిందీలోనే 100 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. హైదరాబాదులో డబ్బింగ్‌కు హద్దు ఉండాలని కోరే పరిశ్రమే ఉత్తరాదిలో డబ్బింగ్ వల్ల లాభపడుతున్నది. దీనిని తప్పు అనడం లేదు. ఒకే మనిషి ఒక ఊరిలో ఇంటి యజమాని, మరొక ఊరిలో అద్దెదారు కావడం వంటిది ఇది.

మళ్లీ జంషెడ్‌పూర్‌కు

ఇక సంతాలీ సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా కలవారు 8 కోట్లకు పైగా, సంతాలీ మాతృభాషగా కలవారు 73 లక్షలకు పైగా. 2003లో జరిగిన రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో చేరింది. ‘చాందో లిఖోన్’ మొదలైన చిత్రాలు ఆ భాషలో వచ్చాయి. జార్ఖండ్ ప్రభుత్వం 2015లో చలనచిత్ర విధానం తెచ్చి స్థానిక భాషా చిత్రాలకు రాయితీ కల్పించింది.

రాయితీ సినిమా తీయడానికి పనికివస్తుంది. పైన వేసిన 40 ఆటల లెక్కలో ఒక్క సాయంత్రపు ఆటను కూడా అది కొనిపెట్టదు. ఇటు హాలీవుడ్ కూడా ఊరకే కూర్చోలేదు. 2007లో ‘స్పైడర్‌మ్యాన్ 3’ చిత్రాన్ని భోజ్‌పురిలోకి కూడా అనువదించి విడుదల చేశారు. అందువల్ల ‘మన భాషలో ఉన్నది కాబట్టి మన సినిమా’ అని చెప్పడం కూడా కష్టమైంది. మనీలా పద్ధతి సంతాలీకి యథాతథంగా పనికిరాదని ఈ రచయిత అభిప్రాయం. రెండు వారాలు హాళ్లు నింపాలంటే ఏటా ఎనిమిది పెద్ద చిత్రాలు సిద్ధంగా ఉండాలి. ఒక ఊరిలో ఒక్క తెరపై ఒక్క సాయంత్రపు ఆట, టుసు, సోహరాయ్ పండుగల వారంలో కేటాయిస్తే అది ఆచరణకు దగ్గరగా ఉంటుంది. మహారాష్ట్రలో 2015లో మల్టీప్లెక్సులు మరాఠీ చిత్రాలకు అనుకూలమైన వేళలో ఆట ఇవ్వాలన్న నియమం వచ్చినప్పుడు జరిగిన వాదన అంతా వేళ గురించే.

మీరు చేయవలసిన పని

రాబోయే పండుగ వారంలో మీ ఊరి థియేటర్ల పోస్టర్లు చూడండి. ఏ భాష చిత్రం, ఎన్ని తెరలు, ఏయే ఆటలు అన్నది నోటుపుస్తకంలో పట్టికగా రాయండి. డబ్బింగ్ చిత్రాలకు ప్రత్యేకంగా గుర్తు పెట్టండి. నాలుగవ రోజున మళ్లీ వెళ్లి, ఏ చిత్రానికి ఏ ఆట తీసివేశారో రాసుకోండి. వీలైతే హాలు మేనేజరు గారిని కారణం అడగండి. ఆయన చెప్పిన కారణాన్ని మీ పట్టికతో పోల్చి పది వాక్యాలు రాయండి.