పనివాడెవరు? గుత్తదారుడెవరు?

జనగామలో ఒక గృహస్థు ఇల్లు కట్టింపనెంచి మేస్త్రీని పిలిపించెననుకొనుడు. ఇంత మొత్తమునకు ఇల్లు పూర్తిచేసి యిచ్చెదనని మేస్త్రీ ఒప్పుకొనును. కూలీలను అతడే తెచ్చుకొనును; పనిముట్లు అతనివే; ఏ గోడ ముందు లేపవలెనో అతని యిష్టము. లాభమైనను నష్టమైనను అతనిదే. ఇట్టివానిని స్వతంత్ర గుత్తదారుడందురు. (మేస్త్రీ యను పేరును బట్టి నిర్ణయింపరాదు, దినకూలికి పనిచేయు మేస్త్రీలును గలరు.) అదే ఊరిలో బట్టల దుకాణపు గుమాస్తా యజమాని చెప్పిన వేళకు వచ్చి, చెప్పిన పని చేసి, నెల జీతము పుచ్చుకొనును. అతడు ఉద్యోగి.

ఈ భేదము పైకి స్వల్పముగా తోచును. కాని పనివేళల పరిమితి, వారపు సెలవు, జీతముతోడి సెలవు, గాయపడినపుడు పరిహారము మొదలగు హక్కులలో పెక్కు ఉద్యోగికే గలవు. గుత్తదారునకు ఒడంబడికలో ఉన్నంతవరకే దక్కును. కావున, తమయొద్ద పనిచేయువారు ఉద్యోగులు కారని యజమానులు వాదించుట కలదు. అట్టి వ్యాజ్యమొకటి తెలంగాణమునుండి సుప్రీంకోర్టు వరకు పోయినది.

సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అను దుకాణమున దర్జీలు కుట్టిన ఉడుపుల లెక్కను బట్టి కూలి పుచ్చుకొనుచుండిరి. పని లేనినాడు వెళ్లిపోవచ్చును. రానినాడు సెలవడుగ నక్కరలేదు. కొందరు గుడ్డలను ఇంటికి గొనిపోయి కుట్టుటయు గలదు. తెలంగాణ ప్రాంతమున అమలులో నుండిన 1951 నాటి దుకాణముల చట్టము వీరికి వర్తించునా యను ప్రశ్న పుట్టెను. వర్తింపదని యజమానులు వాదించిరి. 1973లో సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. కుట్టుమిషన్లు దుకాణమువి, ఎట్లు కుట్టవలెనో చెప్పువాడు యజమాని, కుట్టు నచ్చనిచో త్రిప్పియిచ్చి మరల కుట్టించు అధికారమును అతనిదే. కూలి చొక్కాకు ఇంతయని ముట్టినంతమాత్రమున దర్జీ గుత్తదారుడు కాడు. ఒక్క అదుపే కొలబద్ద కాదనియు, పనిముట్లు ఎవరివో కూడ చూడవలెననియు న్యాయమూర్తులు చెప్పిరి. మహబూబాబాదు బజారులో ఇట్టి యేర్పాటుతో మిషను త్రొక్కు దర్జీకిని ఆ తీర్పు అండగా నున్నది.

భూపాలపల్లిలో చిక్కు వేరొక విధమైనది. అచ్చటి సింగరేణి బొగ్గుగనులలో కంపెనీ ఉద్యోగులతోపాటు కాంట్రాక్టు కార్మికులును పనిచేయుచున్నారు. వీరు ఉద్యోగులే, కాని ఎవరి ఉద్యోగులు? పని కంపెనీది, కూలి యిచ్చువాడు కాంట్రాక్టరు. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు వేతనముల పెంపు కోరి సమ్మె చేసిరి. కాంట్రాక్టరు కూలి ఎగవేసినచో అసలు యజమానియే చెల్లించి, పిదప కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెనని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టము విధించెను. 2020లో చేసిన వృత్తి భద్రతా స్మృతిలోనికిని ఆ నియమము వచ్చినది. పనిలో గాయపడినవాని పరిహారము విషయమున 1923 నాటి చట్టమునందే ఇట్టి యేర్పాటు ఉండెను.

అంతమాత్రమున వారు కంపెనీ ఉద్యోగులై పోరు. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వము నిషేధించినను, అందలి కార్మికులు తమంతట అసలు యజమాని ఉద్యోగులు కాజాలరని 2001లో సుప్రీంకోర్టు చెప్పినది. అయితే ఆ తీర్పులోనే ఇంకొక మాట గలదు. కాంట్రాక్టు పేరునకు మాత్రమే యుండి, నిజమునకు అసలు యజమానియే వారిని నియమించి పని చేయించుకొనుచున్నాడని పారిశ్రామిక న్యాయస్థానమున రుజువైనచో, వారు అతని ఉద్యోగులుగనే యెంచబడుదురు.