గుట్టు ఎవరి చేతిలో?

ఎపిక్ ప్రైవసీ బ్రౌజర్‌ను తయారుచేసింది బెంగళూరుకు చెందిన హిడెన్ రిఫ్లెక్స్ సంస్థ. అలోక్ భరద్వాజ్ స్థాపించిన ఈ సంస్థ 2010లో ఎపిక్‌ను మొదట తెచ్చినప్పుడు అది ఫైర్‌ఫాక్స్ పునాది మీద కట్టిన దేశీ బ్రౌజర్. భారతీయ భాషల్లో టైపు చేసుకునే వీలు, లోపలే యాంటీవైరస్ అప్పట్లో దాని ఆకర్షణలు. 2013లో ఆ రూపాన్ని పక్కనబెట్టి, క్రోమ్‌కు మూలమైన క్రోమియం కోడ్ మీద గోప్యత కోసమే మళ్లీ కట్టారు. ఎడ్వర్డ్ స్నోడెన్ పత్రాలు బయటికొచ్చి, నిఘా గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్న ఏడాది కూడా అదే.

ఎపిక్ ఎప్పుడూ ప్రైవేట్ మోడ్‌లోనే నడుస్తుంది. మూసేయగానే హిస్టరీ, కుకీలు, క్యాష్ చెరిగిపోతాయి. ప్రకటనల్ని, వెంటపడే ట్రాకర్లను అడ్డుకుంటుంది. అడ్రస్ బార్‌లో కొట్టే అక్షరాలు గూగుల్‌కు చేరవు. వీటన్నిటికీ తోడు ఉచిత ప్రాక్సీ ఒకటి ఉంది. దాన్ని ఆన్ చేస్తే, చూసే సైట్లకు హైదరాబాద్ ఐపీ అడ్రస్ బదులు విదేశంలోని సర్వర్ అడ్రస్ కనిపిస్తుంది.

దీని అవసరం ఎలాంటిదో హైదరాబాద్‌లోని బల్కంపేటలో తేలిగ్గా అర్థమవుతుంది. ఎల్లమ్మ గుడి చుట్టుపక్కల సందుల నుంచి ఎస్సార్‌నగర్, అమీర్‌పేట దాకా ఎటు చూసినా హాస్టళ్లే. మైత్రీవనంలోనో ఆదిత్య ఎన్‌క్లేవ్‌లోనో జావా, టెస్టింగ్, డెవ్‌ఆప్స్ నేర్చుకోవడానికి జిల్లాల నుంచి వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు వాటిలో ఉంటారు. ఫ్లోర్ మొత్తానికీ ఒకే రౌటర్, అందరికీ ఒకే పాస్‌వర్డ్. ఆ రౌటర్ ఎవరి చేతిలో ఉందో, వాళ్లకు ఏమేం కనిపిస్తుందో చాలామందికి తెలియదు.

అన్నీ కనిపిస్తాయన్నది పాతకాలపు భయం. ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ హెచ్‌టీటీపీఎస్‌తోనే నడుస్తోంది కాబట్టి పాస్‌వర్డ్‌లు, పేజీలోని మాటలు, ఫారంలో నింపిన వివరాలు దారిలో ఎవరికీ చిక్కవు. చిక్కేది సైటు పేరు, చూసిన సమయం. అంతేగా అనుకోవడానికి లేదు. రాత్రి 11 దాటాక ఒకే ఫోన్ నుంచి ఉద్యోగాల సైటు, బంగారం తాకట్టు కంపెనీ, ఆ తర్వాత ఒక ఫెర్టిలిటీ ఆసుపత్రి, ఈ 3 పేర్లూ వరసగా లాగ్‌లో పడితే, ఒక్క పేజీ కూడా తెరవకుండానే ఆ మనిషి కష్టం సగం తెలిసిపోతుంది. ఇంటికి దూరంగా ఉన్న 22 ఏళ్ల అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు. ప్రాక్సీ ఆన్‌లో ఉంటే బ్రౌజర్‌లో చూసిన ఈ పేర్లేవీ రౌటర్‌కు కనిపించవు. ప్రాక్సీ సర్వర్ అడ్రస్ ఒక్కటే కనిపిస్తుంది. ఎపిక్ చేసే అసలైన మేలు ఇదే.

అయితే బ్రౌజర్‌లో వీపీఎన్ పేరుతో ఉండే ఇలాంటి ప్రాక్సీకీ పూర్తి వీపీఎన్‌కూ తేడా ఉంది. పూర్తి వీపీఎన్ ఫోన్ లేదా ల్యాప్‌టాప్ నుంచి బయటికెళ్లే ప్రతిదాన్నీ తన దారిలోకి మళ్లిస్తుంది. బ్రౌజర్‌లోని ప్రాక్సీ ఆ బ్రౌజర్‌లో తెరిచిన పేజీలను మాత్రమే మళ్లిస్తుంది. 2016 సెప్టెంబరులో ఒపెరా తన బ్రౌజర్‌లో పెట్టిన ఉచిత వీపీఎన్ కూడా నిజానికి ఇలాంటి ప్రాక్సీయే. వాట్సాప్, ఫోన్‌పే, జూమ్ మామూలు దారిలోనే పోతుంటాయి.

ఇంకో సంగతి మరింత ముఖ్యం. ప్రాక్సీ వాడితే నమ్మకం పెట్టుకోవాల్సిన చోటు మారుతుందే తప్ప, నమ్మాల్సిన అవసరం పోదు. ఇంటర్నెట్ కంపెనీలు వినియోగదారుల కనెక్షన్ రికార్డులను కనీసం 2 ఏళ్లు దాచాలని టెలికాం శాఖ 2021 డిసెంబరులో లైసెన్స్ షరతులు మార్చింది. ప్రాక్సీ వెనక ఉంటే ఆ రికార్డుల్లో చూసిన సైట్ల జాడ ఉండదు. హాస్టల్ యజమానికీ ఇంటర్నెట్ కంపెనీకీ తెలియకుండా పోయినవన్నీ ప్రాక్సీ నడిపేవాళ్ల కళ్లముందుకు వస్తాయి.

ఆ నడిపేవాళ్ల చరిత్ర అన్నిచోట్లా బాగా లేదు. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో వీపీఎన్, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో ఆ కంపెనీకి చేరవేసింది. హోలా అనే ఉచిత సర్వీసు తన వినియోగదారుల కనెక్షన్లనే ఇతరులకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అవాస్ట్ ఉదంతం వీటికన్నా బాధాకరం. గోప్యత కాపాడతామని చెప్పుకున్న ఆ భద్రతా సంస్థ జనం బ్రౌజింగ్ వివరాలను తన అనుబంధ కంపెనీ జంప్‌షాట్ ద్వారా అమ్మింది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఫిబ్రవరిలో దానికి 1.65 కోట్ల డాలర్ల చెల్లింపు విధించింది. అందుకే ఉచితంగా ఇచ్చే ఏ సర్వీసునైనా దాని ఖర్చు ఎక్కణ్నుంచి వస్తోందని అడిగి తీరాలి.

ఎపిక్ విషయంలో చట్టం ప్రశ్న కూడా ఉంది. వీపీఎన్ వాడకం మీద దేశవ్యాప్త నిషేధం లేదు. కానీ 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ సంస్థలు కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రస్‌లు 5 ఏళ్లపాటు దాచాలి. ఇది ఒప్పుకోక ఎక్స్‌ప్రెస్ వీపీఎన్ తదితర సంస్థలు ఇండియాలోని సర్వర్లను ఎత్తేశాయి. సాధారణ ప్రజలకు వీపీఎన్ టెక్నాలజీతో ప్రాక్సీ లాంటి సేవలిచ్చే సంస్థలనే వీపీఎన్ సంస్థలంటామని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ ఇచ్చింది. బెంగళూరు కంపెనీ కావడం వల్ల జవాబు చెప్పే మనుషులు దగ్గర్లో ఉన్నారన్నది మంచిమాటే. కానీ ఈ ఆదేశాలను తేలిగ్గా అమలు చేయించగలిగేదీ ఇక్కడి కంపెనీల మీదే. డౌన్‌లోడ్ చేసేముందు ప్రైవసీ పాలసీలో ఏం దాస్తారు, ఎన్నాళ్లు దాస్తారు అన్న భాగం చదవాలి.

కోడ్ విషయంలో ఎపిక్ వెనకబడే ఉంది. టార్, ఫైర్‌ఫాక్స్, బ్రేవ్ బ్రౌజర్ల కోడ్ ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఎపిక్‌ది అలా అందరి ముందూ లేదు. చిన్న బ్రౌజర్లన్నిటికీ ఉన్న మరో ఇబ్బంది అప్‌డేట్‌లు. క్రోమ్ 2023 ఆగస్టు నుంచి వారం వారం భద్రతా సవరణలు ఇస్తోంది. క్రోమియం కోడ్ బహిరంగం కాబట్టి సవరణ వచ్చిన రోజే లోపం ఏమిటో దొంగలకూ తెలుస్తుంది. అదే సవరణ చిన్న బ్రౌజర్‌కు చేరేదాకా తలుపు తీసి ఉన్నట్టే. ఎబౌట్ పేజీలో క్రోమియం వెర్షన్ నంబర్ చూసి, అప్పటి క్రోమ్ నంబర్‌తో పోల్చుకోవడం నిమిషం పని. తేడా ఎక్కువుంటే, ప్రాక్సీ ఎంత బాగున్నా ఆ బ్రౌజర్‌ను వాడకపోవడమే క్షేమం.

ఐపీ మారినంత మాత్రాన మనిషి గుర్తుపట్టకుండా పోడు. ఐపీ లండన్‌దని చెబుతుంటే, పేజీలోని ఒక్క జావాస్క్రిప్ట్ లైను కంప్యూటర్ గడియారం గ్రీన్‌విచ్ కన్నా 330 నిమిషాలు ముందుందని చెప్పేస్తుంది. అది భారత కాలమానం. దానికి తెలుగు ఫాంట్లు, స్క్రీన్ కొలత, గ్రాఫిక్స్ కార్డ్ గుర్తులు కలిస్తే ఒక్క మనిషికే సరిపోయే వేలిముద్ర తయారవుతుంది. ఇలాంటి కొన్ని స్క్రిప్టులను ఆపుతామని ఎపిక్ చెబుతుంది. ఈ పనిలో ఆరితేరింది టార్ బ్రౌజరే. తన వినియోగదారులందరి గడియారాన్నీ గ్రీన్‌విచ్ సమయంగానే చూపిస్తుంది. టార్ ప్రాజెక్టుతో కలిసి 2023 ఏప్రిల్‌లో వచ్చిన ముల్వాడ్ బ్రౌజర్‌దీ అదే పద్ధతి. వీపీఎన్ మాత్రం అందులో ఉండదు, విడిగా కొనుక్కోవాలి.

రెజ్యూమ్ ప్రింట్ తీయించుకునే నెట్ సెంటర్లలో మూయగానే అన్నీ చెరిపేసే గుణం నిజంగా పనికొస్తుంది. ఈమెయిల్ లాగిన్ తర్వాత వచ్చేవాళ్లకు తెరిచి ఉండదు. అయితే 2011 సైబర్ కెఫే నిబంధనల ప్రకారం, చూసిన సైట్ల చిట్టాను కెఫే యజమాని ఏడాదిపాటు దాచాలి. కంప్యూటర్‌లో కీలాగర్ ఉంటే అది కొట్టిన ప్రతి అక్షరాన్నీ పట్టేస్తుంది. దాన్ని ఆపడం ఏ బ్రౌజర్ వల్లా కాదు.

బ్యాంకు, ప్రభుత్వ సైట్ల దగ్గర ప్రాక్సీ ఆపేయాలి. విదేశీ ఐపీ నుంచి లాగిన్ వస్తే బ్యాంకులు అనుమానిస్తాయి, కొన్ని ప్రభుత్వ సైట్లు అసలు తెరుచుకోవు. హాస్టల్ వైఫై మీద నమ్మకం లేకపోతే ఆ కాసేపు సొంత మొబైల్ డేటా వాడుకోవడం మేలు.