నాజీ జర్మనీలో యూదు–క్రైస్తవ కుటుంబాల వలస

1. పరిచయం

1933లో హిట్లర్ అధికారానికి రావడంతో జర్మనీలో యూదులపై పీడన ప్రభుత్వ విధానంగా మారిందని గత విభాగంలో చదివారు. భార్యాభర్తల్లో ఒకరు యూదు, మరొకరు క్రైస్తవ వంశానికి చెందిన కుటుంబాలపై ఆ విధానం ఎలాంటి ప్రభావం చూపిందో ఈ విభాగంలో తెలుసుకుందాం. ఈ విభాగం చదివిన తర్వాత మీరు:

• నాజీ చట్టాలు ఒకే ఇంటివారిని ఎలా విభజించాయో వివరించగలుగుతారు.
• ఈ కుటుంబాల వలస ఎందుకు ఆలస్యమైందో, ఎందుకు కష్టమైందో చెప్పగలుగుతారు.

2. చట్టం దృష్టిలో కుటుంబం

జర్మనీ అంతటికీ వర్తించే పౌర వివాహ చట్టం 1875లో వచ్చింది. దాంతో మతం మారకుండానే యూదులు, క్రైస్తవులు పెళ్లి చేసుకోవడానికి వీలు కలిగింది. అలాంటి ఇళ్లలో చాలామంది పిల్లలు బాప్తిస్మం పొంది క్రైస్తవులుగానే పెరిగారు.

1933 ఏప్రిల్‌లో ప్రభుత్వోద్యోగాల చట్టం వచ్చింది. ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ - ఈ నలుగురిలో ఒక్కరు యూదులైనా ఆ వ్యక్తిని 'అనార్యుడు'గా పరిగణించారు. 1935 సెప్టెంబరులో చేసిన న్యూరెంబర్గ్ చట్టాలు యూదులకు, 'ఆర్యుల'కు మధ్య కొత్త వివాహాలను నిషేధించాయి. అప్పటికే జరిగిన పెళ్లిళ్లను మాత్రం రద్దు చేయలేదు. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ నలుగురిలో ముగ్గురు లేదా నలుగురు యూదులైతే మనవడు యూదుడే. ఇద్దరే యూదులైతే, అతను యూదు మత సమాజంలో సభ్యుడు కాకుండా, యూదును పెళ్లాడకుండా ఉంటే 'మొదటి శ్రేణి మిశ్రమ సంతతి' అవుతాడు.

ఇక్కడ ఒక వైరుధ్యాన్ని గమనించండి. నాజీలు మాట్లాడింది జాతి గురించి. కాని తాతలు యూదులా కాదా అని తేల్చడానికి వారు చూసింది మత సమాజాల రికార్డులనే. ఫలితంగా ఒకే ఇంట్లో భర్త యూదుడు, భార్య ఆర్య స్త్రీ, పిల్లలు మిశ్రమ సంతతి అయ్యారు.

3. వలస ఎందుకు ఆలస్యమైంది?

మొదటి కారణం అరకొర రక్షణ. 'ఆర్య' జీవిత భాగస్వామి ఉన్నందువల్ల కష్టాలు తమదాకా రావని కొందరు నమ్మారు. 1938 డిసెంబరులో కొన్ని మిశ్రమ వివాహాలకు 'ప్రత్యేక హోదా' ఇవ్వడం ఆ నమ్మకాన్ని పెంచింది. అయితే ఈ రక్షణ వివాహబంధంపైనే ఆధారపడింది. విడాకులు జరిగినా, ఆర్య భాగస్వామి మరణించినా అది సాధారణంగా పోయేది.

రెండవది ఆర్థిక భారం. దేశం విడిచే సంపన్నులపై 1931లోనే 25 శాతం పన్ను విధించారు. 1934లో దాని పరిమితిని 50,000 మార్కుల ఆస్తికి తగ్గించడంతో మధ్యతరగతివారిలో చాలామంది దాని కిందికి వచ్చారు.

మూడవది బంధుత్వం. వెళ్లిపోవాలంటే క్రైస్తవ భాగస్వామి తన తల్లిదండ్రులను, తోబుట్టువులను వదులుకోవాలి.

1938 నవంబరు 9–10 తేదీల్లో ప్రార్థనా మందిరాలను తగలబెట్టి, సుమారు 30,000 మంది యూదు పురుషులను నిర్బంధించారు. ఆ తర్వాత ఇక ఆగకూడదని చాలా కుటుంబాలు నిర్ణయించుకున్నాయి. కాని అప్పటికే తలుపులు మూసుకుపోతున్నాయి.

4. ఆదుకున్నదెవరు?

యూదు సంస్థలు ప్రధానంగా తమ సమాజ సభ్యులకే సహాయం చేసేవి. బాప్తిస్మం పొందినవారు ఆ సభ్యుల్లో ఉండరు. చర్చీలలో చాలావరకు మౌనం వహించాయి. ఈ లోటును కొంతైనా తీర్చడానికి పాస్టర్ హైన్‌రిష్ గ్రూబర్ 1938లో బెర్లిన్‌లో ఒక సహాయ కార్యాలయం ప్రారంభించారు. 1940 డిసెంబరులో గెస్టపో దాన్ని మూసివేసి, ఆయనను నిర్బంధ శిబిరానికి పంపింది.

ఇతర దేశాలు కూడా పెద్దగా ముందుకు రాలేదు. జర్మనీ, ఆస్ట్రియాలకు కలిపి అమెరికా ఇచ్చే వలస కోటా ఏడాదికి 27,370 మాత్రమే. 1938 జులైలో ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమైనా చాలావరకు సానుభూతి మాటలతోనే సరిపెట్టాయి. బ్రిటన్ మాత్రం యుద్ధం మొదలయ్యేలోపు సుమారు 10,000 మంది పిల్లలను తల్లిదండ్రులు లేకుండా చేర్చుకుంది. వారిలో యూదు వంశానికి చెందిన క్రైస్తవ పిల్లలూ ఉన్నారు. 1941 అక్టోబరులో జర్మనీ యూదుల వలసను పూర్తిగా నిషేధించింది.

5. రెండు ఉదాహరణలు

గెర్హార్డ్ లైబ్‌హోల్జ్ గోటింగెన్‌లో న్యాయశాస్త్ర ఆచార్యుడు. యూదు వంశంలో పుట్టి బాప్తిస్మం పొందారు. ఆయన భార్య జబీనా, వేదాంతి డీట్రిష్ బోన్‌హోఫర్‌కు కవల సోదరి. ఉద్యోగం పోయాక, 1938 సెప్టెంబరులో ఇద్దరు కుమార్తెలతో స్విట్జర్లాండ్ మీదుగా ఇంగ్లండ్ చేరారు. మరుసటి నెలలోనే యూదుల పాస్‌పోర్టులపై 'జె' ముద్ర వేయడం మొదలైంది. జర్మనీలో యూదుడన్న ముద్ర పడిన ఈయననే 1940లో ఇంగ్లండ్ 'శత్రు దేశస్థుడు' అంటూ కొంతకాలం నిర్బంధించింది. యుద్ధానంతరం స్వదేశానికి తిరిగివచ్చి, 1951 నుంచి రాజ్యాంగ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా పనిచేశారు.

డ్రెస్డెన్ ఆచార్యుడు విక్టర్ క్లెంపరర్ కూడా యూదు వంశంలో పుట్టిన క్రైస్తవుడే. 1935లో ఉద్యోగం పోయినా దేశంలోనే ఉండిపోయారు. ఇల్లు పోయి, యూదులకు కేటాయించిన ఇరుకు ఇళ్లలో బతకవలసి వచ్చింది. భార్య ఎవా ఆయనను విడిచిపెట్టకపోవడమే ఏళ్ల తరబడి ఆయన ప్రాణానికి రక్ష అయింది.

6. సారాంశం

ఈ కుటుంబాలు తమను తాము ఏమనుకున్నాయన్నది రాజ్యానికి పట్టలేదు. వారెవరో రాజ్యమే నిర్ణయించింది. ఆ నిర్ణయం వారిని పీడితులను చేసింది. కాని సహాయం కావలసి వచ్చినప్పుడు వారు పూర్తిగా ఏ సమాజానికీ చెందనివారయ్యారు. వీరి వలసను మిగతా వలసల నుంచి వేరుగా అధ్యయనం చేయడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 1935 నవంబరు ఉత్తర్వు 'యూదుడు' అనే పదాన్ని ఎలా నిర్వచించింది?
2. మిశ్రమ వివాహం ఇచ్చిన రక్షణ వలసకు ఎలా ఆటంకమైంది?
3. గ్రూబర్ కార్యాలయం అవసరం ఎందుకు ఏర్పడింది?